తాళాలమ్మ తిన్న దీవి ముద్ద

మా అత్త దీవుల ప్రదర్శనలో పెట్టిన ముద్ద తినేసిందని మా వీధిలో అందరికీ తెలుసు. ఏ ముద్ద అన్న దగ్గరే ఒక్కొక్కరిది ఒక్కో మాట. పాలు పోసే ఆమె అది చేపల ముద్ద అంటుంది. నేను కాజాలు కుట్టి ఇచ్చే టైలరు అది నూరేళ్ళ కిందట భూమిలో పాతిపెట్టిన పండనీ, గాజు పలక పగలగొట్టి మరీ తిన్నదనీ చెబుతాడు. ఆ ప్రదర్శనలో గాజు పలకలే లేవు. బస్సు స్టాపు దగ్గర ఒకావిడ నేనెవరో తెలియక నాకే చెప్పింది. "ఎవరో తాళాలమ్మట. నాలుగు పెట్టెలూ ఊడ్చేసి, మూతి తుడుచుకుని, ఇంకా లేదా అని అడిగిందట." నేను "అలాగా" అన్నాను. ఆవిడ చేతులు తిప్పుతూ చెబుతుంటే, ఒక క్షణం నాకే నిజమేమో అనిపించింది.

తాళాలమ్మ మా మేనత్త. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. టౌన్ హాలులో ఎన్ని గదులున్నాయో అన్ని తాళంచెవులు, అవి కాక దేనివో ఎవరికీ తెలియనివి ఇంకొన్ని, ఒకే గుత్తిగా ఆమె నడుముకి వేలాడుతుంటాయి. ఆమె వీధి మలుపు తిరగకముందే ఆ చప్పుడు ఇంట్లోకి వస్తుంది. అది విని నేను పొయ్యి మీద టీ పెడతాను. పొద్దున తలుపులు తీయడం, ఊడ్చడం, వచ్చినవాళ్ళని చూసుకోవడం, సాయంత్రం మళ్ళీ తాళాలు వేయడం ఆమె పని. ఆ హాలులో ఏదైనా జరుగుతుంది. ఒక వారం పూల పోటీ, ఇంకో వారం కంటి పరీక్షలు, మరో వారం చెప్పుల తగ్గింపు అమ్మకం. అత్తకి అన్నీ ఒకటే. వచ్చేవాళ్ళని కాళ్ళు తుడుచుకోమంటుంది, వెళ్ళినవాళ్ళు మరిచిన గొడుగులు ఏరి పెడుతుంది.

తాళం వేసే ముందు అక్కడ ఒక పద్ధతి ఉంది. ఎప్పుడో వెనక గదిలో వైరు కాలి తెరలు అంటుకున్నాయట. అప్పటి నుంచి మేనేజరు గారు ఒక నియమం పెట్టారు. దీపాలు ఆర్పాక ప్రతి గది మధ్యలోనూ నిలబడి, గట్టిగా ఊపిరి పీల్చి, కాలిన వాసన లేదని తేల్చుకున్నాకే తలుపు మూయాలి. "కళ్ళతో కాదమ్మా, ముక్కుతో మూయాలి" అంటారాయన. ఆ ఒక్క పని చేయలేనివాళ్ళ దగ్గర ఆయన తాళాలు ఒక్క పూట ఉంచరు. అత్తకి ముందు పనిచేసినాయన జలుబు చేసిందని ఆ పని ఎగ్గొట్టినందుకే ఇంటికి వెళ్ళిపోయాడు.

చిక్కంతా ఇక్కడే ఉంది. మా అత్తకి వాసన తెలియదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆమెకి పెద్ద జ్వరం వచ్చింది. చూసుకునేవాళ్ళు లేక నేను బడి మానేసి మంచం పక్కన కూర్చున్నాను. జ్వరం తగ్గింది. ఒకరోజు పొయ్యి మీద పాలు పొంగి, మాడి, ఇల్లంతా కమురు వాసన పట్టేసింది. నేను పెరట్లోంచి పరుగెత్తుకొచ్చాను. అత్త ఆ పొయ్యి వైపు వీపు పెట్టి తాపీగా బియ్యం ఏరుకుంటోంది. "ఏమే, ఎవరైనా తరుముతున్నారా?" అని అడిగింది. అప్పుడు తెలిసింది మా ఇద్దరికీ. ఆ తర్వాత ఆమెకి వాసన తిరిగి రాలేదు, నేను బడికి తిరిగి వెళ్ళలేదు. "నా ముక్కూ నీ చదువూ ఒకే బస్సెక్కి పోయాయే" అని అత్త నవ్వుతుంది.

అన్నం తింటుంటే కాయితం నమిలినట్టుందంటుంది. ఉప్పు, పులుపు, తీపి, ఇవి మాత్రం నాలికకి తగులుతాయట. అంతకు మించి ఏ కూరైనా ఒకటేనట. రుచిలో అంత భాగం ముక్కుదేనని నాకు అప్పటిదాకా తెలియదు. ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు. పులుపు తెలిసినప్పుడు చింతపండు తెలియాలి కదా అంటాను. పులుపు తెలుస్తుంది, చింతపండే తెలియదు అంటుంది.

అందుకని సాయంత్రాలు నేను కూడా హాలుకి వెళతాను. గది మధ్యలో ఇద్దరం నిలబడతాం. నేను ఊపిరి పీలుస్తాను. అత్త నా మొహం వైపు చూస్తుంది. నేను తల ఊపితే తాళం తిప్పుతుంది. ఒంటరిగా చీకటి గదుల్లో తిరగడానికి భయపడి మేనకోడలిని వెంట తెచ్చుకుంటోందని చూసినవాళ్ళు అనుకునేవారు. అనుకోనిచ్చాం.

దీవుల వాళ్ళ తిండి చరిత్ర అని ఊరూరూ తిరిగే ఆ ప్రదర్శన లారీలో వచ్చి దిగింది. దానితో పాటు ఒక అమ్మాయి వచ్చింది. గదిలో ఉన్నా గడ్డి టోపీ తీయదు. అందుకని ఆమెకి టోపీ అమ్మాయి అని పేరు పడింది. గోడ పొడుగునా ఒక పటం కట్టారు. అంతా నీలం, మధ్యలో దీవులు నువ్వులు చల్లినట్టు. బల్లల మీద దుంపలు దంచే రాళ్ళు, కొబ్బరి కోరే చిప్పలు, ఎముకతో చేసిన గాలాలు. ఒక మూల ఆకులు పరిచిన గుంట బొమ్మ. సీమపనస పళ్ళు బాగా కాసినప్పుడు వాటిని అలాంటి గుంటలో పాతిపెట్టేవారట. అవి పులిసి, ఏళ్ళ తరబడి చెడకుండా ఉండేవట. తుఫాను వచ్చి చెట్లన్నీ కూలిపోతే తవ్వుకుని తినేవారట. పక్కన రాసిపెట్టినవన్నీ నేను నెమ్మదిగా కూడబలుక్కుని చదివాను. ఆ ప్రదర్శన తిండి గురించో, భయం గురించో నాకు తేలలేదు.

అందరూ ఎగబడింది మాత్రం నాలుగు చెక్క పెట్టెల దగ్గర. మూతకి చిల్లులున్న పెట్టెలు. ఒక్కోదానిలో గుడ్డలో చుట్టిన ఒక్కో ఉండ. పులిసిన సీమపనస, ఎండు చేప, ఎండిన అరటిపండు, చేమదుంప పిండి. పడవల్లో దూరం వెళ్ళేటప్పుడు తిండి గట్టిగా అదిమి, మూటగట్టుకుని వెళ్ళేవారని చూపించడానికి, అన్నిటినీ దంచి ఒకే సైజు ఉండలుగా చేశారు. చూడడానికి నాలుగూ ఒకటే, గోధుమరంగు. వచ్చినవాళ్ళు చిల్లుల దగ్గర ముక్కు పెట్టి వాసన చూడాలి. సీమపనస పెట్టె దగ్గర మాత్రం అందరూ ఒక అడుగు వెనక్కి వేసేవారు. నేనైతే రెండు వేశాను.

ఉండలు బూజు పట్టకుండా రోజూ పొద్దున కాసేపు వెనక వరండాలో ఎండ తగలనివ్వాలి. ఆ పని టోపీ అమ్మాయి అత్తకి అప్పజెప్పింది. అత్త వాటిని పళ్ళెంలో పెట్టెల వరసలోనే పెట్టి, ఆ వరసలోనే తెచ్చి సర్దేది. వాసనతో పని లేకుండా అలా రోజులు గడిచాయి.

ఆ రోజు నేను లేను. టైలరు దగ్గర చొక్కాలు ఎక్కువై పొద్దున్నుంచీ కాజాలు కుడుతూ కూర్చున్నాను. కాబట్టి ఇది ముందు నాకు టైలరు నోటనే తెలిసింది. మధ్యాహ్నం టీ తాగడానికి వెళ్ళి వచ్చి, సూది చేతిలో పట్టుకుని నవ్వుతూ అడిగాడు.

"ఏమ్మా, ఇంట్లో అన్నం పెట్టడం లేదా మీ అత్తకి?"

హాలు వాచ్‌మన్ కిటికీలోంచి కళ్ళారా చూశాడట. ఆ వాచ్‌మన్‌ని ఊరంతా రేడియో అంటారు. ఆయన చెవిన పడింది సాయంత్రానికల్లా అన్ని వీధుల్లోనూ వినబడుతుంది. అత్త తలుపులు మూసుకుని, పెట్టె తెరిచి, ఉండ చేతిలో పట్టుకుని నోట్లో పెట్టుకుందట.

నాకేమీ అర్థం కాలేదు. ఏ కూర వండినా రెండు ముద్దలు తిని చేయి కడిగేసుకునే మనిషి, అందరూ ముక్కు మూసుకునే ఉండని ఎందుకు నోట్లో పెట్టుకుంటుంది? పోనీ అంతా అబద్ధమే అనుకుందామా? రేడియోకి గాలి కబుర్లు అలవాటే, కానీ ఉన్న దానికి నాలుగు కలుపుతాడు గాని లేనిది పుట్టించడు. కుట్టిన కాజా విప్పి మళ్ళీ కుట్టాను. అది కూడా వంకరగానే వచ్చింది.

సాయంత్రం హాలుకి వెళ్ళేసరికి అత్త మెట్ల మీద కూర్చుని ఉంది.

"తిన్నావా అత్తా?"

"తింటే, ఏం తిన్నానో తెలిసేది కదే నాకు" అంది.

తర్వాత అంతా చెప్పింది. పొద్దున గాలికి పళ్ళెం వరండాలోంచి కింద పడింది. రేడియో పాపం సాయం చేద్దామని మూటలు ఏరి, దులిపి, పళ్ళెంలో పెట్టి ఇచ్చాడు. వరస పోయింది. అప్పటికే గేటు దగ్గర బడి పిల్లలు బారు తీరి ఉన్నారు. టోపీ అమ్మాయి రావలసిన పార్సిలేదో ఉందని బయటికి వెళ్ళింది, మధ్యాహ్నానికి గాని రాదు. ఏది ఏదో రేడియోనే వాసన చూసి చెప్పమని అడగవచ్చు. అడిగితే, నీకు తెలియదా అంటాడు. తెలియదంటే ఇక ఊరంతా దండోరానే. అత్త తోచినట్టు నాలుగూ నాలుగు పెట్టెల్లో పెట్టి తలుపు తీసింది.

ఇక చూడాలి. ఎండు చేప అని రాసి ఉన్న పెట్టె దగ్గర వంగినవాళ్ళు తియ్యగా ఉందే అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. ఎవరూ తప్పు అనలేదు. దీవుల్లో అంతే కాబోలు అని తల ఊపి ముందుకి వెళ్ళారు. ఒక పంతులమ్మ అయితే, అక్కడి చేపలు నీళ్ళలో పడ్డ పళ్ళు తింటాయి కాబట్టి ఆ వాసన వస్తుందని పిల్లలకి పాఠమే చెప్పేసిందట. అరటిపండు పెట్టె దగ్గర ఒక పిల్ల "యాక్" అంటే, పెద్దవాళ్ళ వస్తువుని అలా అనకూడదని కసురుకుందట. అత్త పక్కన నిలబడి ఎవరి మొహం ఎలా మారుతోందో చూసింది. మొహాలు చూసి కొంత పోల్చుకుందామనుకుంది. కానీ అందరూ మర్యాదస్థులు, మొహాలు కూడా బిగబట్టుకున్నారు.

భోజనాల వేళ హాలు ఖాళీ అయ్యాక తలుపులు వేసి, ఒక్కో మూట విప్పి, నాలిక కొస ఆనించింది. ఒకటి పుల్లగా ఉంది. ఒకటి ఉప్పగా, ఒకటి తియ్యగా ఉన్నాయి. ఇంకోదానికి ఏమీ లేదు. పులుపు సీమపనస, ఉప్పు చేప, తీపి అరటి, ఏమీ లేనిది చేమదుంప. ఏ పెట్టెది ఆ పెట్టెలో పెట్టింది. కిటికీ వైపు చూడలేదు.

"మరి ఆ మాటే చెప్పేయరాదా అత్తా" అన్నాను.

"ఎందుకు నాలిక ఆనించావని అడగరూ?"

అప్పుడే రేడియో మెట్లెక్కి వచ్చాడు. మేనేజరు గారి చెవిన కూడా పడిందనీ, రేపు పొద్దున గదికి రమ్మన్నారనీ చెప్పాడు. వెళ్ళబోయి ఆగి, "తాళాలు కూడా తెమ్మన్నారక్కా" అన్నాడు. ఆ తాళాలు ఆమె నడుమున ఎప్పుడూ ఉండేవే. తెమ్మని చెప్పడంలోనే ఉంది సంగతంతా.

ఇంటికి చేరాక అత్త గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ అంది.

"తిన్నానని ఒప్పుకుంటానే. తిండిపోతంటే నవ్వి ఊరుకుంటారు. ముక్కు లేదంటే తాళాలు తీసుకుంటారు."

చేయని పని చేశానని చెప్పి తల దించుకోవడం మేలో, ఉన్నది చెప్పి పని పోగొట్టుకోవడం మేలో నేను ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోయాను. నాకు తెలిసినంతలో ఒప్పుకునేది తప్పు చేసినవాళ్ళు. ఇక్కడ చేయని తప్పు ఒప్పుకుంటే గాని ముక్కు సంగతి దాగదు. అన్నం పెడితే అత్త ఆ పూట మామూలుగానే తిన్నది. నేనే తినలేకపోయాను.

పొద్దున మేనేజరు గారి గదిలో ఆయన, టోపీ అమ్మాయి, రేడియో ఉన్నారు. బల్ల మీద నాలుగు పెట్టెలు. అత్త గుత్తి విప్పి బల్ల అంచున పెట్టింది. మేనేజరు గారు దాన్ని సొరుగులో వేసుకున్నారు. నేను తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను. అక్కడుంటే నన్నెవరూ ఏమీ అడగరని నా నమ్మకం.

"ఏమ్మా, ఇది నిజమేనా?" అన్నారాయన.

"తిన్నానండీ. ఆకలేసింది."

రేడియో అటూ ఇటూ చూశాడు, చూశారా నేను చెప్పానా అన్నట్టు. టోపీ అమ్మాయి మాత్రం పెట్టెలన్నీ తెరిచి, మూటలు విప్పి, మళ్ళీ మళ్ళీ చూసింది. టోపీ వెనక్కి జరుపుకుంది.

"ఏం తిన్నారండీ? నాలుగూ నిండుగానే ఉన్నాయి కదా."

అత్త దీని గురించి ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు. కొంచెం గిల్లానంది. ఎందులోంచి అని ఆ అమ్మాయి అడిగితే, దగ్గరగా ఉన్నదాన్ని చూపించింది. అది సీమపనస.

ఆ అమ్మాయికి కోపం రాలేదు. కళ్ళు పెద్దవి చేసుకుని కుర్చీ ముందుకి లాక్కుంది. ఇన్ని ఊళ్ళు తిరిగినా దాన్ని నోట్లో పెట్టుకున్న మనిషిని చూడలేదట. మూట కట్టేటప్పుడు తనే మొహం పక్కకి తిప్పుకుంటుందట. ఎలా ఉందండీ అని అడిగింది. పుల్లగా ఉందంది అత్త. ఇంకా అంది ఆ అమ్మాయి. అంతేనంది అత్త.

"అంతేనా? మరి ఆ వాసనకి నోట్లో ఎలా పెట్టుకోగలిగారు? అసలు ఏం వాసన అనిపించింది మీకు?"

అత్త నా వైపు చూసింది.

కావాలని చూడలేదు. వాసన అన్న మాట వస్తే నా మొహం చూడడం ఆమెకి అలవాటైపోయింది. నేను కూడా అలవాటుకొద్దీ ముక్కు చిట్లించాను. మేనేజరు గారు ఆమెను చూసి, నన్ను చూసి, మళ్ళీ ఆమెను చూశారు.

"ఆ పిల్ల వైపు ఎందుకమ్మా చూస్తున్నావు?"

అత్త చేయి నడుము దగ్గరికి వెళ్ళి, అక్కడ గుత్తి లేక ఖాళీగా ఉండిపోయింది.

"నాకు వాసన తెలియదండీ" అంది చివరికి. "జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ. పళ్ళెం పడిపోతే వరస తెలియలేదు. నాలికతో చూసి సర్దాను. తినలేదు."

మేనేజరు గారు సొరుగు వైపు చూశారు. ఆయనకి ఆమె తినలేదన్నది పట్టినట్టు లేదు. తిండిపోతని పిలిపించిన మనిషి తినలేదు. తాళాలు బాగా వేస్తుందని ఇన్నాళ్ళూ మెచ్చుకున్న మనిషికి వాసనే తెలియదు. దేని మీద కోప్పడాలో తేలక ఆయన తల గోక్కున్నారు.

"మరి రోజూ గదులు వాసన చూసి మూస్తున్నదెవరు?"

"నేనండీ" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. రేడియో నోరు తెరిచాడు. నేను మాట్లాడగలనని అప్పటిదాకా ఆయనకి తెలియదనుకుంటాను.

సాయంత్రం చూద్దామన్నారు మేనేజరు గారు. ఆ పగలంతా అత్త చప్పుడు లేకుండా తిరిగింది. ఒక పక్క బరువు లేక కాస్త ఒరిగి నడిచింది. ఆమె వచ్చినట్టు తెలియక జనం ఉలిక్కిపడ్డారు.

సాయంత్రం ఆయనే గుత్తి పట్టుకుని మా వెనక వచ్చారు. రేడియో కూడా వచ్చాడు, రాకుండా ఉండలేక. ప్రతి గదిలో నేను ఊపిరి పీల్చాను, అత్త నా మొహం చూసింది, నేను తల ఊపాను, ఆయన తాళం వేశారు. మెట్ల కింద కుర్చీలు సర్దే గదిలో నేను తల ఊపలేదు.

"ఇక్కడ పొగ వాసన ఉందండీ."

ఆయన గట్టిగా పీల్చి, నాకేం రావడం లేదే అన్నారు. మళ్ళీ పీల్చాను. ఒకవేళ నాది భ్రమేమో, భయంతో నా ముక్కు కూడా పోయిందేమో అనిపించింది. అయినా ఉంది. ఆయన దీపం వేసి, మడత కుర్చీలు ఒక్కొక్కటీ జరిపారు. వెనక ఒక డబ్బా మూతలో సగం కాలిన సిగరెట్టు ఉంది. ముట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉందట. ఆ గదిలోకి జనం రారు. అందరం రేడియో వైపు చూశాం. ఆయన పైకప్పు వైపు చూశాడు. ఆ పూటకి రేడియో మూగబోయింది.

మేనేజరు గారు గుత్తి అత్త చేతిలో పెట్టారు.

"ఈ అమ్మాయి రాని రోజు నాకు కబురు చెయ్యమ్మా" అని మాత్రం అన్నారు.

మా మీద నమ్మకంతో ఇచ్చారో, కొత్త మనిషిని వెతికే ఓపిక లేక ఇచ్చారో నాకు తెలియదు. అత్తని అడిగితే, ఇచ్చారుగా అంది. ఇంటికి వెళుతున్నంతసేపూ గుత్తి కావాలనే ఊపుతూ నడిచింది.

ప్రదర్శన లారీ ఎక్కిన రోజు నేనూ సాయం చేశాను. టోపీ అమ్మాయి మొహం పక్కకి తిప్పుకుని సీమపనస మూట కట్టింది. వీధిలో కథ మాత్రం లారీతో వెళ్ళలేదు. మొన్న కూడా టైలరు, ఆ దీవి ముద్ద ఎలా ఉందటమ్మా అని అడిగాడు. పుల్లగా ఉందట అన్నాను.

నాలుగు ఉండలూ వచ్చినట్టే వెళ్ళాయి. అత్త వాటిలోంచి గోరంత కూడా తినలేదు.